బెంచీ పెంచాం, లీగ్ కుంగింది: ఒక ఫాంటసీ బేస్‌బాల్ లీగ్ మరమ్మతు కథ

పన్నెండు జట్లు, జట్టుకు 260 డాలర్లు, 23 మంది ఆటగాళ్లు. వేలం పద్ధతిలో నడిచే ఫాంటసీ బేస్‌బాల్ లీగులు చాలావరకు ఈ లెక్కతోనే మొదలవుతాయి. 2014లో న్యూజెర్సీలో మేమూ అలాగే మొదలుపెట్టాం. ఏడుగురం తెలుగువాళ్లం, ఐదుగురు ఆఫీసు మిత్రులు. ఈ డాలర్లు ఆట డాలర్లే, ఎవరి జేబులోంచీ పోవు. మొదటి ఏడు సీజన్లు గొడవ లేకుండా సాగాయి. 2021లో నిబంధనల్లో ఒక్క అంకె మార్చాం. దాంతో రెండేళ్లలో లీగ్ మూతపడే దాకా వెళ్లింది. ఎందుకు వెళ్లిందో, ఎలా వెనక్కి తెచ్చుకున్నామో, లీగ్‌ను నడిపే కమిషనర్‌గా నేను దాచుకున్న లెక్కలతో రాస్తున్నాను. మీరు నడిపేది క్రికెట్ లీగ్ అయినా ఇందులో చాలా భాగం మీకూ పనికొస్తుంది.

ఆట తెలియనివారికి రెండు మాటలు. అమెరికాలోని పెద్ద బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో నిజంగా ఆడే ఆటగాళ్లను మేము వేలంలో కొనుక్కుంటాం. బ్యాటింగ్‌లో ఐదు, పిచింగ్‌లో (క్రికెట్‌లో బౌలింగ్ లాంటిది) ఐదు అంశాల్లో వాళ్లు సీజన్ మొత్తంలో సాధించే అంకెలు మా ఖాతాలో పడతాయి. ఒక్కో అంశంలో మొదటి జట్టుకు 12 పాయింట్లు, చివరి జట్టుకు ఒకటి. డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు 1980లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన ఆట ఇది. వాళ్లు కలుసుకునే రెస్టారెంటు పేరు మీదే దీనికి రోటిసరీ అన్న పేరు వచ్చింది. మా లీగ్‌లో గత ఏడాది ఆటగాళ్లలో కొందరిని పాత ధరకే అట్టిపెట్టుకునే వీలుండేది. ఆ వెసులుబాటు లేకపోతే ఈ కథలో సగం ఉండేది కాదు.

బెంచీ ఎందుకు పెంచాం?

మొదట్లో 23 మందికి తోడు ముగ్గురిని ఉచితంగా బెంచీ మీద ఉంచుకునేవాళ్లం. 2017లో మేజర్ లీగ్ గాయాల జాబితా కనీస గడువును 15 రోజుల నుంచి 10 రోజులకు తగ్గించింది. భుజం కాస్త పట్టేసినా, వేలు కాస్త బొబ్బలెక్కినా క్లబ్బులు స్టార్టింగ్ పిచర్లను (మ్యాచ్‌లో మొదటి బంతి నుంచి వేసేవాళ్లను) జాబితాలో పెట్టడం మొదలైంది. పది రోజులంటే వాళ్లకు పోయేది ఒకటి రెండు మ్యాచ్‌లే. మాకు మాత్రం వారం వారం జట్టు మార్చుకోవలసి వచ్చేది. మా జట్లకు సోమవారం తాళం పడుతుంది. బుధవారం పిచర్ పడిపోతే మళ్లీ సోమవారం దాకా ఆ స్థానం ఖాళీయే. ఆపైన 2020లో కోవిడ్ వల్ల సీజన్ 60 మ్యాచ్‌లకు కుదించుకుపోయింది, జట్లు తెల్లారేసరికి మారిపోయేవి. ఆ ఏడాది చివర పన్నెండు మందిలో పదిమంది ఒకే మాట అన్నారు: బెంచీ పెంచండి.

పెంచాం. 2021 నుంచి బెంచీ ఏడుగురికి పెరిగింది. వాళ్లను కూడా వేలంలోనే కొనాలన్నాం. అంటే జట్టుకు 30 మంది, పర్సు మాత్రం అదే 260.

ఓటుకు ముందు నేను లెక్క వేసి అందరికీ పంపాను. ఒక్కో ఆటగాడికి కనీస ధర ఒక డాలరు. పన్నెండు జట్ల పర్సు కలిపితే 3,120. పాత పద్ధతిలో 276 స్థానాలకు తలా డాలరు పక్కన పెడితే స్వేచ్ఛగా ఖర్చుపెట్టగలిగేది 2,844. కొత్త పద్ధతిలో 360 స్థానాలు తీసేస్తే 2,760. తేడా 84, జట్టుకు 7 డాలర్లు. ఏడు డాలర్లతో ఎవరి జట్టూ కూలిపోదని రాశాను. ఆ కూడికలో తప్పు లేదు. చూడవలసిన లెక్క అది కాదు, అంతే.

ఫ్రీ ఏజెంట్ల జాబితా ఎండిపోయింది

ఏ జట్టూ కొనని ఆటగాళ్లే ఫ్రీ ఏజెంట్లు, వాళ్లు ఉచితంగా దొరుకుతారు. వేలంలో ఆటగాడికి పలికే ధర అతను ఎంత బాగా ఆడతాడన్నదాన్ని బట్టి మాత్రమే నిలవదు. అతను దొరకకపోతే ఉచితంగా ఎవరు దొరుకుతారన్నదాన్ని బట్టి నిలుస్తుంది. ఉచితంగా దొరికే పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 4.20 పరుగులిస్తే, 3.60 ఇచ్చే పిచర్ వల్ల నాకు కలిగే లాభం 0.60. ఉచితంగా దొరికేవాడు 5.20 ఇచ్చేవాడైతే అదే పిచర్ వల్ల లాభం 1.60. పిచర్ మారలేదు, అతని బంతి మారలేదు. అతని వెనక ఉన్న నేల కుంగింది.

మేజర్ లీగ్‌లో 30 క్లబ్బులు, క్లబ్బుకు 26 మంది. మొత్తం 780 మంది ఉన్నారు కదా, మేం 360 మందిని తీసుకుంటే ఏమవుతుందని అనిపిస్తుంది. కానీ మాకు కావలసింది క్రమం తప్పకుండా ఆడేవాళ్లు. క్లబ్బుకు ఐదుగురు చొప్పున స్టార్టింగ్ పిచర్లు 150 మంది. పాత పద్ధతిలో మా జట్లు తలా ఆరుగురిని పెట్టుకునేవి, అంటే 72. బెంచీ ఏడయ్యాక అందరూ చేసిన పని ఒకటే: అదనపు స్థానాల్లో నలుగురు స్టార్టర్లను నింపారు. 72 కాస్తా 120 అయింది. మిగిలిన 30 మందిలో సగం మంది ఈ వారం ఉండి పై వారం కింది స్థాయి పోటీ అయిన మైనర్ లీగుకు వెళ్లిపోయేవాళ్లే. గాయాల నుంచి కాపాడుకోవడానికి పెంచిన బెంచీ గాయపడినప్పుడు దొరికే మందును ఊడ్చేసింది.

2022 జూన్‌లో ఒకే వారంలో ముగ్గురు స్టార్టర్లను పోగొట్టుకున్న ఒక మిత్రుడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. ‘‘అన్నా, జాబితా మొత్తం మూడుసార్లు తిరగేశాను. ఈ వారం మొదటి బంతి వేసేవాడు ఒక్కడు కనిపిస్తే ఒట్టు. మీరే చూడండి’’ అన్నాడు. చూశాను. ఇద్దరు కనిపించారు. ఇద్దరినీ తీసుకోకపోవడమే మేలు.

ఉగాది నాటి వేలం

డబ్బు వైపు కథ ఇంకా కష్టమైనది. ఆ ఏడాది యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ కుదరక మేజర్ లీగ్‌లో లాకౌట్ నడిచింది. మార్చి 10న ఒప్పందం కుదిరి సీజన్ ఏప్రిల్ 7కు జరిగింది. అందువల్ల మా వేలం ఏప్రిల్ 2 శనివారం పెట్టుకున్నాం. ఆ రోజు ఉగాది. ఎడిసన్‌లో మిత్రుడి ఇంట్లో పైన పిల్లలు, పండుగ భోజనాలు, కింద బేస్‌మెంట్‌లో మేం పన్నెండుగురం. పదింటికి మొదలుపెట్టి సాయంత్రం ఐదుకల్లా పైకి వచ్చేస్తామని ఇళ్లల్లో చెప్పాం. రాత్రి పదకొండయినా ఇంకా పేర్లు పిలుస్తూనే ఉన్నాం.

అప్పుడు నా పక్కన కూర్చున్నాయన కాగితం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. ఉదయమే ముగ్గురు పెద్ద ఆటగాళ్లను పాత రోజుల ధరకు కొనేశాడు, 23 మందిని నింపే రోజుల ధరకు. ఇప్పుడు ఆయన దగ్గర 14 డాలర్లు, 13 ఖాళీలు. ఖాళీకి ఒక డాలరు చొప్పున 12 పక్కన పెడితే ఒక ఆటగాడి మీద ఆయన పెట్టగలిగింది 2 డాలర్లే. రెండో క్యాచర్ (క్రికెట్ వికెట్‌కీపర్ లాంటివాడు) కావాలి. పన్నెండు జట్లకు ఇద్దరేసి అంటే 24 మంది, మేజర్ లీగ్‌లో మొదటి వరుస క్యాచర్లు 30 మందే. చివరికి మిగిలిన పనికొచ్చే క్యాచర్ పేరు పిలిచారు. ఆయన ‘‘రెండు’’ అన్నాడు. బల్లకు అటువైపు నుంచి ‘‘మూడు’’ అని వినిపించింది. ఆయన పెన్నును కాగితం మీద అడ్డంగా పెట్టి, ఆ తర్వాత గంటన్నర సేపు ఒక్క డాలరు పేర్లు చదువుతూ కూర్చున్నాడు. ఆరేళ్లు నాతో ఆడిన మనిషి. ఆ సీజన్ చివర మానేశాడు.

ఆయన తప్పు ఆయనదేనని ఆ రాత్రి కొందరన్నారు. నేను ఒప్పుకోను. స్థానాలు పెరిగితే డబ్బు ఎక్కువ మందికి పంచాలి, అంటే పెద్ద ఆటగాళ్ల ధర తగ్గాలి. కానీ 45 డాలర్లంటే ఎంత మంచి ఆటగాడో ఏడేళ్లుగా మా బుర్రల్లో ముద్రపడిపోయింది. నిబంధన ఒక్క ఓటుతో మారుతుంది, అలవాటు మారదు. కమిషనర్‌గా కొత్త ధరల పట్టిక తయారుచేసి ముందే అందరి చేతిలో పెట్టవలసింది నేను.

పాత ధరకే అట్టిపెట్టుకుంటే

ఐపీఎల్ 2025 మెగా వేలానికి ముందు సన్‌రైజర్స్ హైదరాబాద్ మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. అంతకుముందు వాళ్లు అతన్ని కొన్నది 20 లక్షలకు. గమనించవలసిన సంగతి ఏమిటంటే, 120 కోట్ల పర్సులోంచి తరిగింది 6 కోట్లు, 20 లక్షలు కాదు. మా లీగ్‌లో అప్పట్లో అలా కాదు. డాలరుకు కొన్నవాణ్ని మూడేళ్లు డాలరుకే అట్టిపెట్టుకునేవాళ్లం. బెంచీ ముగ్గురే ఉన్నప్పుడు ఇది పెద్ద ఇబ్బంది కాలేదు, ఎందుకంటే కుర్రాళ్లను దాచుకునే చోటే లేదు. ఏడు స్థానాలు వచ్చాక ప్రతి జట్టూ మైనర్ లీగు కుర్రాళ్లను డాలరుకు కొని దాచింది. అట్టిపెట్టుకోగలిగిన వాళ్ల సంఖ్యను కూడా ఐదు నుంచి ఎనిమిదికి పెంచాం, బెంచీ పెరిగింది కదా అని.

2022 వేలం ఉదయం నా పట్టికలో అట్టిపెట్టుకున్నవాళ్ల జీతాలన్నీ కలిపి 640 డాలర్లు. వాళ్ల అసలు విలువ 1,360. అంటే వేలానికి మిగిలిన డబ్బు 2,480, ఆ డబ్బుతో కొనడానికి మిగిలిన సరుకు 1,760. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే 1.41. నలభై డాలర్ల ఆటగాడు 56కి పోతాడు. పోయాడు కూడా.

ఇదే అంకెలను కొత్తగా చేరిన మనిషి వైపు నుంచి చూడండి. అతని దగ్గర పాత ఆటగాళ్లెవరూ లేరు, చేతినిండా 260 డాలర్లున్నాయి. 1.41తో భాగిస్తే అతను కొనగలిగే సరుకు 184. సగటు పాత సభ్యుడు 64 డాలర్లకు 136 డాలర్ల విలువైన ఆటగాళ్లను చేతిలో పెట్టుకుని, మిగిలిన 196తో మరో 139 విలువైన వాళ్లను కొంటాడు. మొత్తం 275. ఒక్క పేరూ పిలవకముందే కొత్తవాడు 91 డాలర్లు వెనకబడి ఉన్నాడు. ఆ ఏడాది మాకు ఇద్దరు కొత్తవాళ్లు చేరారు. పది పదకొండు స్థానాల్లో ముగించారు. వాళ్లకు ఆట రాదని మేమంతా మర్యాదగా అనుకున్నాం. ఈ లెక్క నేను వేసింది అక్టోబరులో.

వేసవిలో జరిగేది వేరే. జులైకల్లా గెలిచే ఆశ లేని జట్లు తమ ఖరీదైన ఆటగాళ్లను పైజట్లకు ఇచ్చేసి, వాళ్ల బెంచీ మీదున్న డాలరు కుర్రాళ్లను తెచ్చుకుంటాయి. వచ్చే ఏడాది కోసం చేసే ఈ పనిని మా ఆటలో డంపింగ్ అంటారు. అప్పట్లో 260 అన్నది వేలం రోజుకే హద్దు, సీజన్ మధ్యలో హద్దే ఉండేది కాదు. 2022 సెప్టెంబరులో మొదటి స్థానంలో ఉన్న జట్టు జీతాల బిల్లు 412, చివరి జట్టుది 150కి దగ్గర. మూడో స్థానంలో ఉన్నాయన తన సొంత వేలంతో, సొంత ఓపికతో అక్కడికి వచ్చినవాడు. ఆయన ఓడిపోవడం నాకు ఇప్పటికీ బాధే.

మరమ్మతు

అసలు మేజర్ లీగ్‌లోనే కచ్చితమైన జీతాల పరిమితి లేదు. 1994లో యజమానులు దాన్ని తేబోతే ఆటగాళ్లు ఆగస్టు 12న సమ్మెకు దిగారు, ఆ ఏడాది విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ రద్దయింది. ఇప్పుడున్నది ఒక గీత మాత్రమే. 2025లో అది 241 మిలియన్ డాలర్లు. దాటిన క్లబ్బు పన్ను కడుతుంది, దాటడం మాత్రం ఆగదు. మా లీగ్‌లో పన్ను పద్ధతి పెడదామని ఒకరన్నారు. ఆట డాలర్లతో పన్ను కట్టిస్తే ఎవరికీ నొప్పి తెలియదు. అందుకని గట్టి గీతే కావాలన్నాను.

2022–23 శీతాకాలంలో మూడుసార్లు కూర్చున్నాం. ఈసారి పర్సుతో మొదలుపెట్టలేదు, ఫ్రీ ఏజెంట్ల జాబితాతో మొదలుపెట్టాం. జూన్‌లో ఒక జట్టు ఇద్దరు స్టార్టర్లను పోగొట్టుకుంటే జాబితాలో పనికొచ్చేవాళ్లు కనీసం పదిమంది ఉండాలి. దానికి మొత్తం 50 మంది దాకా మిగలాలి. అంటే జట్లన్నీ కలిసి 100 మందికి మించి స్టార్టర్లను పట్టుకోకూడదు. జట్టుకు ఎనిమిది మంది. అలా వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే బెంచీ నాలుగు దగ్గర ఆగింది.

ఆ నలుగురినీ వేలంలోంచి తీసేశాం. వేలంలో 23 మందికి 260, మునుపటిలాగే. తర్వాత నాలుగు రౌండ్లుగా వంతులవారీగా బెంచీ ఎంపిక, తలా 2 డాలర్ల జీతం. ఆ రోజుకు జట్టు బిల్లు గరిష్ఠంగా 268. రెండో క్యాచర్ స్థానాన్ని ఏ హిట్టర్‌కైనా పనికొచ్చే స్థానంగా మార్చాం. దీనిమీద ఎవరూ వాదించలేదు.

సీజన్ మధ్య హద్దు దగ్గర మాత్రం ఒకసారి తప్పు చేశాం. 2023లో 280 పెట్టాం. చూడ్డానికి పద్ధతిగా ఉంది, కానీ ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగిపోయాయి. 2022లో 31 జరిగితే 2023లో ఆరు. నిజాయితీగా ఇద్దరికి ఇద్దరిని మార్చుకోవాలన్నా 15 డాలర్ల తేడా వస్తుంది, గీత అడ్డం పడుతుంది. మాటలు లేని లీగ్ కూడా చచ్చిన లీగే. 2024లో 310 చేశాం. ఈ అంకె వెనక ఉన్న తర్కం నాకు ఇష్టం: 268కి పైన 42 డాలర్ల జాగా. గెలుపు కోసం పోరాడుతున్న జట్టు జులైలో ఒక్క పెద్ద ఆటగాణ్ని తెచ్చుకోవచ్చు. ఇద్దరిని తెచ్చుకోవాలంటే ఒకణ్ని వదలాలి. ఆ ఏడాది 19 మార్పిళ్లు జరిగాయి. మొదటి మూడు జట్లలో ఎవరిదీ ఏకపక్షం కాలేదు.

పై గీత కన్నా కింది గీతే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. ఏ జట్టు బిల్లూ 215కి తగ్గకూడదని పెట్టాం, 268లో దాదాపు ఐదింట నాలుగు వంతులు. డంపింగ్‌కు తీసుకునే చెయ్యి ఒకటి, ఇచ్చే చెయ్యి ఒకటి కావాలి. అందరూ తీసుకునే చేతినే కట్టేయాలని చూస్తారు. ఇచ్చేవాడికి ఇవ్వడానికి మిగలకుండా చేస్తే వేసవి బజారు దానంతటదే సర్దుకుంటుంది.

గాయపడినవాళ్ల జీతం గీత కింద లెక్కలోకి రాదు. మూడు స్థానాలు వాళ్ల కోసమే. దీన్ని వాడుకుని, కోలుకున్న ఆటగాణ్ని కూడా అక్కడే దాచి బిల్లు తగ్గించుకునే ఎత్తు 2023 మే నెలలోనే బయటపడింది. అందుకని క్లబ్బు అతన్ని తిరిగి తీసుకున్నాక వచ్చే సోమవారంలోగా జట్టులోకి తేవాలి, లేదా వదిలేయాలి. అప్పటిదాకా కొత్త ఆటగాణ్ని తీసుకోవడానికి వీల్లేదు. వదిలేసినవాడి జీతంలో సగం సీజన్ చివరి దాకా బిల్లులోనే ఉంటుంది, 5 డాలర్లు అంతకు తక్కువైతే ఏమీ ఉండదు.

ఇంకొక చిన్న రంధ్రం ఉంది, దాన్ని చూపించింది జపాన్ ఆటగాడు షోహెయి ఒహ్తానీ. 2023 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ క్లబ్బుతో ఆయన పదేళ్లకు 700 మిలియన్లకు ఒప్పందం చేసుకున్నారు. అందులో 680 మిలియన్లు తర్వాత ఎప్పటికో వాయిదా. దానివల్ల పన్ను లెక్కలో ఏడాదికి 70 కాకుండా 46 మిలియన్ల దాకానే పడుతుంది. అది చదివిన వారానికే మా వాళ్లలో ఒకరు, వచ్చే ఏడాది వేలం డాలర్లను ఈ ఏడాది మార్పిడిలో ఇవ్వచ్చా అని అడిగారు. మా నిబంధనల్లో దీని ఊసే లేదు. అప్పుపెట్టి గీత దాటనిస్తే గీత ఉన్నా లేనట్టే. రెండేళ్ల తర్వాత ఆ అప్పుల జట్టును నెత్తిన పెట్టుకోవలసింది మళ్లీ ఒక కొత్త సభ్యుడే. వద్దన్నాం, పది మంది ఒప్పుకున్నారు.

అట్టిపెట్టుకునేవాళ్లు ఇప్పుడు ఐదుగురే, ఏడాదికి 3 డాలర్లు జీతం పెరుగుతుంది. 2024 వేలం ఉదయం వాళ్ల జీతాలు 420, విలువ 780. మిగిలిన డబ్బు 2,700, సరుకు 2,340. నిష్పత్తి 1.15. కొత్తవాడి 260కి ఇప్పుడు 225 డాలర్ల సరుకు వస్తుంది. ఇంకా 35 తక్కువే, కానీ మంచి వేలంతో పూడ్చుకోగలిగిన 35. ఆ ఏడాది చేరినాయన ఐదో స్థానంలో ముగించాడు. వేలం సాయంత్రం ఆరున్నరకల్లా అయిపోయింది.

ఏటా పెంచే ఆ 3 డాలర్లను 5 చేయాలన్న ప్రతిపాదన ఇప్పుడు ఓటుకు వచ్చింది. అప్పుడు నిష్పత్తి ఇంకా తగ్గుతుంది, నిజమే. కానీ అడుగున ఉన్న జట్టు 3 డాలర్లకు కొన్న ఒక 20 డాలర్ల కుర్రాడు వచ్చే ఏడాది 8, ఆపై ఏడాది 13 అవుతాడు. ఇప్పటి పద్ధతిలో 6, 9. అదే 5 డాలర్ల పెరుగుదల 30 డాలర్ల ఆటగాడికి ఆరో వంతు మాత్రమే. కింద ఉన్నవాడు పైకి రావడానికి ఉన్న దారి ఆ కుర్రాళ్లే. ఖరీదైన ఆటగాళ్లకు 5, పది డాలర్ల లోపు వాళ్లకు 3 ఉంచుదామని నా ప్రతిసూచన. ఫిబ్రవరిలో ఓటు. అప్పటిలోగా రెండు రకాలుగానూ పన్నెండు జట్ల పట్టికలు వేసి అందరికీ పంపుతున్నాను. ఈసారి పట్టికలో మొదటి గడి పర్సు కాదు, జూన్‌లో ఖాళీగా మిగిలే స్టార్టర్ల సంఖ్య.